రేపు రమ్మను మాట



ఇయ్యగలిగి యుండియు పొరుగువానిని మరునాటికి త్రిప్పుట తగదని సామెతల గ్రంథము 3వ అధ్యాయములో జ్ఞాని హెచ్చరించుచున్నాడు. ఈ హెచ్చరికను మేము అనేక పర్యాయములు ప్రసంగించితిమి. అప్పు తీర్చనివారిని, కూలి డబ్బులు ఆపువారిని మనస్సులో నుంచుకొని చెప్పితిమి. అది మా బల్లనుగూర్చి కూడ చెప్పబడిన మాటయని గడచిన మిరపకోతల కాలము వరకు మాకు తోచలేదు.

పల్లెటూరి పాస్టరుకు వేరే ఆఫీసు ఉండదు. ఇంటి ముందరి గదియే ఆఫీసు. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు ఒక అలమర, మూలను ఒక ట్రంకుపెట్టె. ఆ బల్లమీదనే ఆదివారపు ప్రసంగము వ్రాయుదుము. ఆ బల్లమీదనే పిల్లలు లెక్కలు చేసికొందురు. కానుకల లెక్కయు అక్కడే, సంతనుండి వచ్చిన కూరగాయల సంచియు అక్కడే. బాప్తిస్మపు రిజిస్టరు, వివాహముల రిజిస్టరు, భూస్థాపనల పుస్తకము, రసీదు పుస్తకములు, కరెంటు బిల్లు, పై ఆఫీసునుండి వచ్చిన ఉత్తరములు అన్నియు ఒకదానిపై నొకటి చేరును. ఇవి చాలక ఇప్పుడు సెల్‌ఫోను ఒకటి. దానిలో ప్రార్థన మనవులు, మీటింగు కబుర్లు, పెండ్లి తేదీలు రాత్రింబగళ్లు వచ్చి పడుచుండును.

ఇట్టి గదికి మా సంఘములోని ఒక విధవరాలు వచ్చినది. ఆమె భర్త ప్రభుత్వపు చిన్న కొలువు చేసి మరణించెను. పింఛను కొరకు వివాహపు సర్టిఫికెట్టు కావలెననియు, పదిహేను దినములలో అందజేయవలెననియు ఆమెకు కాగితము వచ్చినది. వారి వివాహము 1987లో మన గుడిలోనే జరిగినది. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము మన సంఘములో జరుగు ప్రతి వివాహమును రిజిస్టరులో వ్రాసి, వివాహము జరిపిన పాస్టరు, దంపతులు, ఇద్దరు సాక్షులు సంతకములు చేయుదురు గదా. ఆ పుట చూచి నకలు వ్రాసి ఇచ్చుటకు అరగంట చాలును.

మేము పెట్టె తెరచి చూచితిమి. ఆ కాలపు రిజిస్టరు కనబడలేదు. “వెదికి పెడతానమ్మా, రేపు రా” అంటిమి. ఆమె మరునాడు వచ్చినది. ఆ దినము మేము పొరుగూరి కూడికకు వెళ్లియుంటిమి. మరల వచ్చినది. అప్పటికిని దొరకలేదు. మేము విసుగుతో, “ఎక్కడికీ పోదులేమ్మా, దొరకగానే నేనే కబురు పంపుతాను” అంటిమి. ఆమె “పోనీలెండి అయ్యగారూ, మీకెన్ని పనులో” అని వెళ్లిపోయినది.

ఎనిమిది దినముల తరువాత ఆ రిజిస్టరు మా చిన్నవాని పాత పుస్తకముల దొంతర క్రింద దొరికినది. క్రిస్మసు ముందు మరియొకరికి నకలు వ్రాయుటకై దానిని బయటికి తీసినది మేమే. తిరిగి పెట్టెలో పెట్టనిది మేమే. సర్టిఫికెట్టు చేతికి వచ్చుసరికి ఆమె గడువు దాటిపోయెను. మరల అర్జీ పెట్టవలసి వచ్చినది. పింఛను మూడు నెలలు ఆలస్యమాయెను. ఆ మూడు నెలలు ఆమె కొట్టులో అరువు తెచ్చుకొని గడిపినది.

ఆ రాత్రి మా ఇల్లాలు అన్నము వడ్డించుచు, “ఏమండీ, ఆవిడ మూడుసార్లు కోత మానుకుని వచ్చింది. ఆ కూలి ఎవరిస్తారు?” అని అడిగినది. మా యొద్ద జవాబు లేదు. మరునాడు మూడు దినముల కూలి తీసికొని ఆమె యింటికి వెళ్లితిమి. ఆమె రెండు దినములది మాత్రమే తీసికొనినది. “రెండోరోజు ముసురు పట్టి కోత ఆపేశారయ్యగారూ, ఆ రోజుది నాకొద్దు” అని మిగిలినది మా చేతిలో పెట్టినది. మా లెక్కకంటె ఆమె లెక్క నమ్మకమైనదిగా నుండెను.

ఇప్పుడు మమ్ము బాధించిన ప్రశ్న ఇది: వస్తువు మన యొద్దనే యుండి, అది యెక్కడనున్నదో మనకు తెలియకపోయిన యెడల, జ్ఞాని హెచ్చరిక మనకు తగులునా? మేము అబద్ధము చెప్పలేదు. లంచము అడుగలేదు. ఆమెకు కీడు చేయవలెనని తలంచలేదు. నిజముగా వెదికితిమి. అయినను ఆ రిజిస్టరు మేము కూర్చున్న కుర్చీకి ఏడు అడుగుల దూరములో నుండెను. ఇయ్యనొల్లనివాడు త్రిప్పినను, దాచిన చోటు మరచినవాడు త్రిప్పినను, నడచు కాళ్లు ఆమెవే. పోయిన కూలి ఆమెదే. కాబట్టి మా అక్రమము మా స్వంత బలహీనత మాత్రమే కాదనియు, అది పొరుగువాని సొత్తును తీసికొనుటకు చాల దగ్గరి పాపమనియు మేము ఒప్పుకొనవలసి వచ్చినది.

కొందరు సహోదరులు, “పాస్టరుగారు ప్రార్థనకు, వాక్యమునకు ఉండవలసినవారు గాని కాగితములు సర్దుకొనువారా?” అని అందురు. మేమును కొంతకాలము ఈ మాటతో మమ్మును ఓదార్చుకొంటిమి. అయితే ప్రవక్తయైన యిర్మీయాను చూడుడి. బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించి యుండగా, తాను చెరసాల ప్రాకారములో నుండగా, ఆయన అనాతోతులోని చేనును 17 తులముల వెండికి కొనెను. సాక్షుల యెదుట క్రయపత్రము వ్రాయించెను. ముద్ర వేసినదానిని, ముద్ర లేనిదానిని రెంటిని బారూకు చేతికిచ్చి, అవి బహుదినములు చెడకుండ మట్టికుండలో పెట్టించెను. దేవుడు జనమును తిరిగి ఆ దేశమునకు రప్పించునను నిరీక్షణయే ఆ కుండలో దాచబడినది. ఆ ప్రవక్త ఆత్మీయతకు కాగితము అడ్డు రాలేదు. నిరీక్షణ గలవాడే కాగితమును జాగ్రత్త చేయునని మేము దీనివలన నేర్చుకొంటిమి.

ఎజ్రా గ్రంథములోని సంగతియు అట్టిదే. మందిరము కట్టుట న్యాయమా కాదా అని ప్రశ్న వచ్చినప్పుడు, దర్యావేషు రాజు కోరెషు ఆజ్ఞను వెదకించెను. అది మాదీయుల దేశములోని యొక పురములో దొరికెను. పనికి సహాయము లభించెను. ఏండ్ల క్రిందట ఆ గ్రంథపుచుట్టను దాని చోట పెట్టిన వ్రాతగాని పేరు మనకు తెలియదు. అతడు దానిని ఏ మూలనో పడవేసి యుండిన యెడల ఏమై యుండునో ఆలోచింపుడి.

మరియొక సంగతి. నిర్గమకాండము 18వ అధ్యాయములో మోషే ఉదయము మొదలుకొని సాయంకాలము వరకు ఒంటరిగా కూర్చుండి తీర్పు తీర్చుచుండెను. మామయైన యిత్రో వచ్చి చూచెను. మోషే అలసిపోవునని మాత్రమే ఆయన చెప్పలేదు. జనులు కూడ నలిగిపోవుదురని చెప్పెను. కూర్చున్నవాని పని ఎంతయో మోషేకు తెలియును. నిలువబడినవారి కాళ్ల నొప్పి యిత్రోకు కనబడెను. వెయ్యిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి పెద్దలను నియమింపుమని ఆయన ఇచ్చిన సలహా ఈ చూపులోనుండియే పుట్టినది. మా యింటిలో యిత్రో పని మా ఇల్లాలు చేసినది.

అటుతరువాత మేము చేసికొనిన ఏర్పాటు చిన్నదే. ఇతరులకు పనికివచ్చునేమో యని చెప్పుచున్నాము.

బల్లమీద మూడు అట్టపెట్టెలు ఉంచితిమి. మొదటిది మేము చేయవలసిన పనులకు, రెండవది ఇతరులనుండి జవాబు రావలసిన కాగితములకు, మూడవది పని ముగిసి దాచవలసినవాటికి. శనివారము సాయంకాలము మూడవ పెట్టె ఖాళీ చేసి ప్రతి కాగితమును దాని ఫైలులో పెట్టుదుము. ఒక పొడుగు నోటుపుస్తకము కొంటిమి. ఎవరు వచ్చినను, ఫోనులో ఏ పని తెలిసినను, తేదీ, పేరు, పని, ఎప్పటికి కావలెనో అప్పుడే దానిలో వ్రాయుదుము. నోటుపుస్తకములోనికి ఎక్కని మాటను మేము నమ్ముట మానితిమి. మా జ్ఞాపకశక్తి ఎట్టిదో ఆ విధవరాలికి బాగుగా తెలియును. ఉదయ ప్రార్థనయైన తరువాత ఆ పుస్తకము తెరచి, ఆ దినమునకు మూడు పనులు గురుతు పెట్టుకొందుము. అంతకు మించి గురుతు పెట్టినప్పుడు ఏదియు సరిగా ముగియలేదు.

రిజిస్టరులు ట్రంకుపెట్టెలోనే యుండును. చెదలు పట్టకుండ పెట్టెను ఇటుకలమీద నిలిపితిమి. రిజిస్టరును బయటికి తీసినప్పుడు, ఎవరి కొరకు తీసితిమో ఒక చీటీ వ్రాసి దాని చోట ఉంచుదుము. ఇంటరు చదివిన యొక యౌవనస్థురాలు శనివారములు వచ్చి పాత రిజిస్టరులలోని పేర్లను వరుసగా వ్రాయుచున్నది. దానివలన ఒక పేరు వెదకుటకు అన్ని పుటలు త్రిప్పనక్కరలేదు. సంఘపు డబ్బు ఇంటి డబ్బుతో కలియకుండ వేరు డబ్బాలో నుండును. ఇద్దరు పెద్దలు లెక్కించి సంతకము చేయనిదే దానిని ముట్టము. యెరూషలేము బీదల కొరకైన చందా తీసికొనిపోవునప్పుడు పౌలు ఒంటరిగా పోక, నింద రాకుండ ఇతరులను తోడు చేసికొనెను గదా.

అయితే క్రమములో మరియొక శోధన కలదని చెప్పనియెడల మేము సగము సత్యమే చెప్పినవారమగుదుము. బల్ల శుభ్రపడిన తరువాత మాకు దానిమీద ప్రేమ పుట్టినది. “ఆఫీసు పని ఉదయము 9 నుండి 11 వరకు” అని అట్టమీద వ్రాసి గోడకు తగిలించితిమి. ఒక మధ్యాహ్నము ఒక సహోదరుడు గుమ్మములో నిలిచెను. మేము రిజిస్టరులో వ్రాయుచు, తల ఎత్తక, ఆ అట్టవైపు వ్రేలు చూపితిమి. అతడు చదువు రానివాడు. ఏమియు అనక అరుగుమీద కూర్చుండెను. సాయంకాలము నాలుగు గంటలకు మేము బయటికి వచ్చి చూడగా ఇంకను అక్కడనే యుండెను. ముందటి రాత్రి అతని కుమారుడు పోట్లాడి ఇల్లు విడిచి పోయెను. ప్రార్థనకు రమ్మని పిలువ వచ్చెను. అక్రమముగా నున్నప్పుడు ఒకరిని త్రిప్పితిమి. క్రమముగా నున్నప్పుడు మరియొకరిని కూర్చుండబెట్టితిమి. రెండు దినములలోను మాకు మా బల్లయే కనబడినది, గుమ్మములోని మనుష్యుడు కనబడలేదు.

క్రమమునకు పరీక్ష ఇదియేనని మాకు తోచుచున్నది: దానివలన ఎవరికి మేలు కలుగుచున్నది? ఇంగ్లాండులో ఎప్‌వర్త్ అను ఊరి పాదిరిగారి భార్యయైన సుసన్నా వెస్లీ అనేకమంది బిడ్డల తల్లి. ప్రతి సాయంకాలము ఒక్కొక్క బిడ్డతో ఏకాంతముగా మాటలాడుటకు ఆమె వారము దినములను పంచుకొనినట్లు 1712లో భర్తకు వ్రాసిన జాబులో తెలిపెను. గురువారము జానుది, శనివారము చార్లెసుది. ఆమె సమయపట్టిక బిడ్డలను దూరముంచుటకు ఏర్పడలేదు. ఏ బిడ్డయు మరువబడకుండుటకే ఏర్పడినది. పౌలు కూడ రోమాలో అద్దె యింట రెండు సంవత్సరములు కాపురముండి, తనయొద్దకు వచ్చువారినందరిని చేర్చుకొనెను. ఆయన పుస్తకములయందు శ్రద్ధలేనివాడు కాడు. త్రోయలో కర్పు ఇంట విడిచిన పుస్తకములను తెమ్మని తిమోతికి వ్రాసెను. ఏ పుస్తకము ఎవరి యింట నున్నదో ఆయనకు తెలియును. తన తలుపు తట్టినవానిని చేర్చుకొనుటయు తెలియును.

గోడమీది అట్టను మేము తీసివేయలేదు. వ్రాతకు, ప్రార్థనకు కొంత సమయము కాపాడుకొననియెడల ఆదివారము సంఘము ఆకలితో ఇంటికి పోవును. కాని ఇప్పుడు ఎవరు ఏ వేళ వచ్చినను ముందు కుర్చీ చూపి, మంచినీళ్లిచ్చి, సంగతి అడుగుదుము. నేటిదైన నేడే చేయుదుము. రేపటిదైన, వారి యెదుటనే పుస్తకములో వ్రాసి, నిజముగా చేయగల దినమునే చెప్పుదుము. “రేపు” అను మాట చెప్పుట తప్పుగాదు. చెప్పిన రేపటికి పని సిద్ధముగా లేకపోవుటయే తప్పు.

చదువరులారా, మీకు ఆఫీసు లేదనుకొనకుడి. రేషను కార్డు, పట్టాదారు పాసుపుస్తకము, బ్యాంకు పుస్తకము, ఆధారు కార్డు, పిల్లల టి.సి.లు లేని యిల్లు మన సంఘములో ఏది? అవి పరుపు క్రింద నున్నవా, పెట్టెలో నున్నవా? భర్తకు తెలిసిన చోటు భార్యకు తెలియునా? కొట్టువానికి ఇయ్యవలసిన బాకీ, కూలివానికి ఇయ్యవలసిన రోజులు ఎక్కడనైన వ్రాసి యున్నవా? ఈ రాత్రి ప్రభువు మనలో నొకరిని పిలిచిన యెడల, మిగిలినవారు దుఃఖములో పెట్టెలన్నియు తలక్రిందులు చేయవలసి వచ్చునా? మేమును ఏదో యొక దినమున ఈ ఊరినుండి బదిలీయై పోవుదుము. మా తరువాత వచ్చు పాస్టరు ఆ ట్రంకుపెట్టె తెరచి, ఏ విధవరాలిని త్రిప్పకుండ అరగంటలో నకలు ఇయ్యగలిగిన యెడల, మేము ఇక్కడ కొంతవరకు నమ్మకముగా గృహనిర్వాహకత్వము చేసితిమని తలంచుకొందుము.

ఆమె తిరిగి ఇచ్చిన ఒక దినపు కూలి మా బల్ల సొరుగులో చిన్న కవరులో నున్నది. దానిని ఖర్చు చేయుటకు మాకింకను మనసొప్పలేదు. సొరుగు తెరచినప్పుడెల్ల, నోటుపుస్తకములో ఆ దినమున ఎవరి పేరు ఉన్నదో మరియొకసారి చూచుకొందుము.