టూవిక్స్ పేరెత్తనివాళ్ళు

స్టార్ ట్రెక్ మీద నా ఫిర్యాదుల జాబితా చాంతాడంత ఉంటుంది. చాలామటుకు ముద్దుగా విసుక్కునేవే. ఏడు సీజన్ల వాయేజర్‌నే తీసుకోండి. ఇంటికి 70,000 కాంతి సంవత్సరాల దూరంలో చిక్కుకున్న ఓడ. ఈ వారం సగం తగలబడినా, వచ్చే వారానికి పెళ్ళివారి ఇల్లులా మెరిసిపోతుంటుంది. ఇవన్నీ ఎప్పుడో క్షమించేశాను. ఒక్కటి మాత్రం కుదరలేదు.

1996లో వచ్చిన 'టూవిక్స్' ఎపిసోడ్. తర్కం తప్ప మరోటి పట్టని భద్రతాధికారి టూవాక్, వాగుడుకాయ వంటవాడు నీలిక్స్ కలిసి ఓ గ్రహం నుంచి మొక్కలు తెస్తుంటారు. ట్రాన్స్‌పోర్టర్‌లో ఆ మొక్కల ప్రభావంతో ఇద్దరూ కలిసిపోయి ఒకే మనిషిగా తేలతారు. అతనే టూవిక్స్. ఇద్దరి జ్ఞాపకాలూ ఉన్నాయి గానీ, తను మూడోవాడు. అందరికీ నచ్చుతాడు కూడా. కొన్నాళ్ళకి విడదీసే దారి దొరుకుతుంది. నాకు బతకాలనుంది అంటాడు టూవిక్స్. ఓడలోని డాక్టర్ మనిషి కాదు, హోలోగ్రామ్. ఇష్టంలేనివాడి ప్రాణం తీయలేనని అతను పక్కకి తప్పుకుంటాడు. చివరికి కెప్టెన్ జేన్‌వే తన చేత్తోనే ఆ పని చేస్తుంది.

తప్పా? 1989లో ఇదే స్టార్ ట్రెక్, 'ద మెజర్ ఆఫ్ ఎ మాన్'లో, ఆండ్రాయిడ్ డేటాని విప్పి చూడాలన్నప్పుడు, వద్దనే హక్కు అతనికుందని తేల్చింది. యంత్రానికి దక్కిన న్యాయం రక్తమాంసాలున్నవాడికి దక్కకపోవడం ఏమిటి? నిజమే. కానీ డేటా వద్దన్నందువల్ల ఎవరి ప్రాణమూ పోలేదు. టూవిక్స్ ఉంటే ఇద్దరు తిరిగి రారు, వాళ్ళకోసం ఏడ్చేవాళ్ళూ ఉన్నారు. ఇన్నేళ్ళయినా నాకు ఎటూ తేలలేదు.

నా గొడవ ఆ నిర్ణయంతో కాదు. తర్వాతి వారంతో. తర్వాతి వారం ఎవరూ అతని పేరెత్తరు. ఓడకి తగిలిన దెబ్బల్లాగే అతనూ మాయమైపోయాడు. 27 ఏళ్ళ తర్వాత, 2023లో, లోయర్ డెక్స్ కార్టూన్ అతన్ని తలుచుకుంది, అదీ జోకుగా. డీప్ స్పేస్ నైన్‌లో కెప్టెన్ సిస్కో ఇంకా ఘోరమైన పనిలో భాగమయ్యాడు. యుద్ధంలోకి రోములన్లని లాగడానికి అబద్ధం ఆడాడు, హత్యని కప్పిపుచ్చాడు. ఆఖర్న తన డైరీ రికార్డు చెరిపేశాడు కూడా. కానీ చెరిపేముందు అదంతా ఒకసారి నోరు తెరిచి చెప్పుకున్నాడు.

నాన్న ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు, ఇక లాభం లేదు, ఏం చేయమంటారో చెప్పండి అన్నారు డాక్టర్లు. అన్నయ్య సంతకం పెట్టాడు. నేను పక్కనే నిలబడి గోడ మీది పోస్టరు చదువుతున్నట్టు నటించాను. కర్మకాండలు అయ్యాయి, సంవత్సరీకం అయింది, ఆ కాగితం సంగతి ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు. పాత గాయం కెలకడం ఎందుకని, అన్నయ్య బాధపడతాడని మాకు మేం చెప్పుకున్నాం.

ఆ ఎపిసోడ్ ఈమధ్య మళ్ళీ చూశాను. టూవిక్స్ బ్రిడ్జ్ మీద ఒక్కొక్కరినీ బతిమాలతాడు. అందరూ చూపు తిప్పుకుంటారు. పని ముగించుకుని జేన్‌వే బయటికొచ్చి నడవాలో ఒక్కతే నడుస్తుంది. ఇన్నేళ్ళూ ఆవిడనే తిట్టుకున్నాను. చూపు తిప్పుకున్నవాళ్ళని పట్టించుకోనేలేదు. తప్పో ఒప్పో తేలని నిర్ణయం ఎవరో ఒకరు తీసుకోక తప్పదు. దాన్ని గుర్తుపెట్టుకోవడం మాత్రం అందరి బాధ్యత. మిగతావాళ్ళు మర్చిపోతే ఆ బరువంతా సంతకం పెట్టిన చేతి మీదే పడుతుంది. మౌనంగా ఉండి మనమేదో దయ చూపిస్తున్నామనుకుంటాం, నిజానికి అది తప్పించుకోవడమే.

మొన్న అన్నయ్యకి ఫోన్ చేశాను. "ఆ రోజు నేను కూడా సంతకం పెట్టాల్సింది అన్నయ్యా" అన్నాను. చాలాసేపు అటునుంచి మాట రాలేదు.

"తిన్నావురా?" అన్నాడు తర్వాత. తిన్నానన్నాను. ఆ తర్వాత నాన్న గురించి మాట్లాడుకున్నాం.