తెర మీద రెండు ప్రమాణాలు

చేతిలో ఇమిడే జీపీఎస్ పరికరం బాటలేని చోట మనిషి ఉన్న స్థానాన్ని చుక్కగా చూపుతుంది. భారతీయ తర్కం మాటల్లో, ఆ జ్ఞానం ఏ ప్రమాణం (తెలుసుకునే సాధనం) వల్ల కలిగినట్టు? ప్రత్యక్షం మాత్రం కాదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతాలు ఎంత ఆలస్యంగా అందాయో చూసి, దాన్ని బట్టి దూరాలను, దూరాలను బట్టి స్థానాన్ని పరికరం లెక్కగడుతుంది. పరికరంలోని చౌక గడియారం తప్పును కూడా సరిదిద్దాలి కాబట్టి కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి. అన్నంభట్టు తర్కసంగ్రహంలో పొగను బట్టి కొండ మీద నిప్పును తెలుసుకున్నట్టే, ఇదీ అనుమానమే, అంటే గుర్తును బట్టి చేసే ఊహే.

అదే తెర మీది దారి గీత సంగతి వేరు. ఎవరో ఎప్పుడో సర్వే చేసి నమోదు చేసిన మాట అది. న్యాయదర్శనం లెక్కన అది శబ్దం. చెప్పినవాడు ఆప్తుడు, అంటే నమ్మదగినవాడు, అయితేనే ప్రమాణం. చిక్కంతా ఇక్కడే. కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీలో ఏనాడో మూతపడ్డ బాటలను జీపీఎస్‌లు దారులుగా చూపి ప్రయాణికులను ఎడారిలోకి నడిపించాయి. చుక్క సరైన చోటే ఉంది, దారే లేదు.

ఎంతవరకు నమ్మాలన్నదానికి, వేదవాక్యాలను విచారించే మీమాంసకుల జవాబు స్వతఃప్రామాణ్యం. కారణంలో దోషం కనిపిస్తేనో, దాన్ని కొట్టివేసే బాధక జ్ఞానం ఎదురైతేనో తప్ప పుట్టిన జ్ఞానాన్ని శంకించనక్కర్లేదు. కుమారిల భట్టు ఈ వాదాన్ని నిలబెట్టింది వేదం కోసమే అయినా చుక్కకు చక్కగా సరిపోతుంది. ఆరుబయట దాని తప్పు సాధారణంగా కొద్ది మీటర్లే. దోషాలూ తెలిసినవే. ఇరుకు లోయలో సంకేతం రాతిగోడకు తగిలి వంకరదారిన వస్తుంది. ఎవరెస్ట్ అనే భూమి కొలత ఆధారంతో గీసిన పాత సర్వే ఆఫ్ ఇండియా పటాన్ని డబ్ల్యూజీఎస్-84 అనే వేరే ఆధారంలో ఉన్న పరికరంతో కలిపి చూస్తే స్థానం పక్కకు జరుగుతుంది. దిక్సూచి లేని పరికరంలోనైతే, మనిషి నిలబడి ఉన్నంతసేపూ బాణం ఎటుపడితే అటు తిరుగుతుంది. నాలుగడుగులు వేస్తే గాని కుదురుకోదు.

న్యాయదర్శనం వారైన నైయాయికులది పరతఃప్రామాణ్యం. నీళ్లనుకున్నవి దాహం తీరిస్తేనే ఆ జ్ఞానం యథార్థమని నిశ్చయం. ఎడారిలో ఈ పరీక్షకు ఖరీదెక్కువ: పటంలోని ఊట లేదని తేలేసరికి సీసా ఖాళీ అవుతుంది. ఈ ఆక్షేపణ వాళ్లకూ తెలుసు. అందుకే లోగడ ఫలించిన జ్ఞానానికి సజాతీయమైనదాన్ని ఫలానికి ముందే నమ్మవచ్చన్నారు. బయలుదేరే ముందు తెలిసిన చోట, ఏ మైలురాయి దగ్గరో, పరికరాన్ని సరిచూసుకోవడం ఈ కోవలోదే. ఆ సరిచూపు చుక్కకు చెల్లుతుంది గాని పది మైళ్ల అవతలి గీతకు చెల్లదు.

కాబట్టి చుక్క విషయంలో మీమాంసకుడి మాట వినవచ్చు, గీత విషయంలో నైయాయికుడి సందేహమే మేలు. జీపీఎస్‌నే నమ్ముకోవద్దని, తాజా పటం దగ్గర ఉంచుకుని సరిచూసుకోమని డెత్ వ్యాలీ పార్కు అధికారులు కూడా హెచ్చరిస్తున్నారు.