పంపు చల్లారనీయి బిడ్డా

బిడ్డా, మొన్న చెల్క కాడ మందు గొట్టే తైవాన్ పంపు ఆపీ ఆపంగనే నీళ్ల సీసాలకెళ్లి పెట్రోలు పోస్తుంటివి. సైలెన్సర్ మీద పడ్డ మందు చుక్కలు ఇంకా సుయ్యిమంటనే ఉన్నయి. నలుగుర్ల అంటే నొచ్చుకుంటవని అప్పుడు నోరు మెదపలే.

మన కొంగరకలాన్‌ల కలెక్టరాఫీసు లేనినాటి నుంచి డీజిల్ ఇంజన్లు ఇప్పి బిగించినోణ్ణి. నా కాడ పని నేర్చిన పోరగాండ్లందరు ఒక్కటే అడుగుతుండె: పెట్రోలు నిప్పు సూపితే భగ్గుమంటది, డీజిల్ అంత జల్ది అంటుకోదు, మరి ప్లగ్గు లేకుంట డీజిల్ ఇంజన్ ఎట్ల నడుస్తది?

చూసుకోవాల్సిన వేడి రెండు తీర్లు బిడ్డా. నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి లేచే వేడి ఒకటి. పెట్రోలుకు అది సున్నాకు 40 డిగ్రీల కింద. చలికాలం తెల్లారుగట్ల గూడ దాని ఆవిరి తయారుగనే ఉంటది. డీజిల్‌కు అది 35కు తగ్గొద్దని మన దేశంల రూలు. మే నెల ఎండ 40 దాటుతది గద, ఇగ డీజిల్ మీద గూడ ఏం ధైర్యం?

రెండోది, రవ్వ లేకుంటనే తనంతట తాను అంటుకునే వేడి. ఈడ లెక్క తిరగబడతది. డీజిల్‌కు 210 అటు ఇటు చాలు, పెట్రోలుకు 250 దాక గావాలె. పిస్టన్ ఒత్తిన గాలి 500 దాటుతది; అండ్ల డీజిల్ చిమ్మితే ప్లగ్గుతోని పనేంది?

2013 అక్టోబర్ 30న పాలెం కాడ బస్సు కల్వర్టుకు తాకి డీజిల్ ట్యాంకు పగిలింది. 45 మంది కాలిపోయిన్రు. డీజిలే గద అనే మాట ఆనాటి నుంచి నా నోట్లకెళ్లి రాలే.

పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగింతలు బరువు. పైకి పోదు, నేల మీద పాకుతది. నువ్వు సీసా పెట్టేది మెట్ల కింద, ఇన్వర్టర్ పక్కన. ఆడికి నాలుగడుగుల దూరంల మీ అమ్మ దీపం పెడ్తది. చిన్నదానికి దూపయితే ఏ సీసా దొరికితే అది ఎత్తుతది, అండ్ల ఉన్నది నీళ్లా పెట్రోలా దానికేం ఎరుక?

పంపు మీద అరచెయ్యి ఆనేదాక ఆగు, బీడీ తాగేటోళ్లను అవుతలికి పంపు, గప్పుడు పొయ్యి. బిగువు మూతున్న ఇనుప డబ్బా ఒకటి కడిగి ఎండకు పెట్టిన. పొద్దుగాల వచ్చి తీస్కపో, ఆ సీసా నాకియ్యి.