నొప్పి పడితేనే తల్లా?

"నీకేమమ్మా, నొప్పులు పడకుండానే కన్నావు." హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో గానీ ఎల్బీనగర్‌లో గానీ సిజేరియన్ అయిన బాలింతను చూడటానికి వచ్చిన చుట్టాల్లో ఎవరో ఒకరు ఈ మాట అనకుండా ఉండరు. అన్నవాళ్ల మనసులో చెడు ఏమీ ఉండదు. మంచం మీద ఉన్న పిల్లకు మాత్రం పాదాలు చెప్పుల్లో పట్టనంతగా వాచి ఉంటాయి. దగ్గితే కుట్లు లాగుతాయి. కుట్ల చుట్టూ చర్మాన్ని వేలితో తాకినా తెలియదు. నేను పడుతున్నది నొప్పి కాదా అని ఆమె పైకి అడగదు. అడగకపోయినా అది ధర్మశాస్త్రాల దాకా వెళ్లే ప్రశ్న. తల్లి కావడానికి బాధను వెలగా చెల్లించాల్సిందేనా? పడ్డ నొప్పిని బట్టి పుణ్యం పెరుగుతుందని ఏ మతమైనా చెప్పిందా?

తెలంగాణలో ఈ ప్రశ్న ఎదురయ్యే ఇళ్లు కొద్దివి కావు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో అది 42.4, దేశం మొత్తం మీద 21.5. తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రుల లెక్క విడిగా తీస్తే 81.5 శాతం. ఒక జనాభాలో సిజేరియన్లు పది శాతం దాటిన తర్వాత తల్లుల, శిశువుల మరణాలు ఇంకా తగ్గినట్టు కనిపించలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. అవసరం లేని కోతలు ఆగాల్సిందే. ముహూర్తం కోసం పెట్టించుకునే కోతలైతే మరీ వింత. పుట్టిన క్షణం పూర్వకర్మను చూపుతుందని నమ్మేవాళ్లు ఆ క్షణాన్ని ఆపరేషన్ థియేటర్ ఖాళీని చూసి నిర్ణయిస్తే, తమ నమ్మకాన్ని తామే కాదన్నట్టు. కానీ ఈ వాదన వైద్యులతో, కుటుంబ పెద్దలతో తేల్చుకోవాల్సింది. కుట్లతో పడుకున్న ఆమెను నిలదీసి కాదు.

ముందు ఆమె ఒంట్లో జరుగుతున్నదేమిటో తెలియాలి. గర్భంతో ఉన్నప్పుడు శరీరం నీటిని ఎక్కువగా నిలుపుకుంటుంది. ఆపరేషన్ సమయంలో ఎక్కించిన సెలైన్ దానికి తోడవుతుంది. అందుకే కాన్పు ముందు కంటే కాన్పయిన మూడో నాడు, నాలుగో నాడు పాదాలు ఎక్కువ వాచినా ఆశ్చర్యం లేదు. చాలామందికి వారం పది రోజుల్లో ఆ నీరు మూత్రంలో, చెమటలో పోతుంది. పడుకున్నప్పుడు కాళ్ల కింద దిండు పెట్టుకోవడం, మడమలు తిప్పుతూ ఉండటం, ఇంట్లోనే నాలుగడుగులు వేయడం మేలు చేస్తాయి.

తిమ్మిరి సంగతి వేరు. ఇప్పుడు ఎక్కువగా పెట్టే అడ్డకోతను 1900లో జర్మన్ వైద్యుడు ఫానెన్‌స్టీల్ వివరించాడు. పొత్తికడుపు దిగువన, మచ్చ బయటికి కనపడనిచోట పెట్టే ఆ కోతలో చర్మానికి స్పర్శనిచ్చే సన్నని నరాలు తెగుతాయి, కొన్ని సాగుతాయి. అవి మళ్లీ అల్లుకోవడానికి నెలలు పడుతుంది. మధ్యలో చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు, దురద పుట్టినట్టు ఉంటే తరచూ అది నరం కోలుకుంటున్న గుర్తే. కొందరికి చిన్న మేర ఎప్పటికీ మొద్దుగానే ఉండిపోతుంది. అదేమీ పాపఫలం కాదు, మనసు బలహీనతా కాదు. వెన్నులో ఇచ్చిన మత్తు మాత్రం కొన్ని గంటల్లో దిగిపోవాలి. మర్నాటికీ కాళ్లు బరువుగా, స్పర్శ లేకుండా ఉంటే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

శరీరాన్ని కోసి బిడ్డను తీయడం మన కథలకు కొత్త కాదు. భాగవతం తొమ్మిదో స్కంధంలో యువనాశ్వుడనే రాజుకు పిల్లలు లేక ఋషులు యాగం చేయిస్తారు. రాణి కోసం మంత్రించి ఉంచిన నీళ్లను రాత్రి దాహానికి రాజే తాగేస్తాడు. నెలలు నిండాక అతని కడుపు కుడివైపు చీలి మగబిడ్డ పుడతాడు. పాల కోసం ఏడుస్తున్న ఆ శిశువు నోటికి ఇంద్రుడు తన వేలు అందిస్తాడు. అతడే మాంధాత, చక్రవర్తి. కడుపు చీలినా తండ్రి ప్రాణం పోలేదని, అది దేవతల, విప్రుల అనుగ్రహమని పురాణం ప్రత్యేకంగా చెబుతుంది. కన్నవాడు బతకడాన్ని వరంగా లెక్కపెట్టిన కథ ఇది. నొప్పులు పడలేదు గనక ఆ పుట్టుక ఒక మెట్టు తక్కువన్న మాట అందులో ఎక్కడా లేదు.

నిజ జీవితంలో ఆ వరం చాలా ఆలస్యంగా వచ్చింది. గర్భిణి హఠాత్తుగా చనిపోయి కడుపులో కదలిక కనిపిస్తే వెంటనే కోసి బిడ్డను తీయమంటుంది సుశ్రుత సంహిత. తల్లి బతికుండగా కోయడమంటే శతాబ్దాల పాటు ఆమెను దాదాపు వదులుకోవడమే. 1882లో వైద్యుడు మాక్స్ సేంగర్ గర్భాశయాన్ని పొరలుగా కుట్టే పద్ధతి చూపాకే తల్లులు బతికి బయటపడటం పెరిగింది.

నొప్పి తగ్గించడం దేవుడి ఆజ్ఞను మీరడమేనా అన్న తగవు యూరప్‌లో నడిచింది. స్త్రీ బాధతో కంటుందని బైబిల్ ఆదికాండం చెబుతుంది కాబట్టి కాన్పులో మత్తు ఇవ్వకూడదన్నారు కొందరు. 1847లో క్లోరోఫాం వాడకం మొదలుపెట్టిన ఎడిన్‌బరో వైద్యుడు జేమ్స్ సింప్సన్ వాళ్లకు అదే గ్రంథం నుంచి జవాబిచ్చాడు. ఆదాము పక్కటెముక తీసేముందు దేవుడు అతనికి గాఢనిద్ర కలిగించలేదా అని అడిగాడు. 1853లో విక్టోరియా రాణి క్లోరోఫాం తీసుకుని కొడుకును కన్నాక ఆ వాదన సద్దుమణుగుతూ వచ్చింది. ఆ క్లోరోఫాం ఎంత సురక్షితమో తేల్చడానికి 1888, 1889లలో కమిషన్లు కూర్చున్నది హైదరాబాద్‌లోనే. నిజాం డబ్బిచ్చాడు, వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ నడిపించాడు. గుండెకు ముప్పు లేదన్న ఆ కమిషన్ల నిర్ణయం తర్వాతి పరిశోధనల ముందు నిలవలేదు. 

ఖురాన్‌లోని మర్యం సూరాలో కూడా కాన్పు నొప్పుల ఘట్టం ఒకటి ఉంది. ఒంటరిగా నొప్పులు పడుతున్న యేసు తల్లి మర్యం ఖర్జూర చెట్టు మొదట కూలబడి, ఇంతకంటే ముందే చచ్చిపోయి ఉంటే బాగుండేదనుకుంటుంది. అప్పుడు వినిపించిన స్వరం ఆమెకు సహనం మీద ఉపన్యాసం ఇవ్వదు. పాదాల దగ్గర నీటి ఊట ఉందని, చెట్టు కదిపితే పండ్లు రాలతాయని, తిని తాగి మనసు కుదుట పరచుకోమని చెబుతుంది. దైవం పంపిన ఓదార్పులో మొదట ఉన్నవి నీళ్లు.

మన ఇళ్లలో ఇప్పటికీ చాలాచోట్ల బాలింతకు తక్కువ పెట్టేది ఆ నీళ్లే. పచ్చి ఒళ్లు, నీళ్లు తాగితే పొట్ట వస్తుంది, కుట్లు చీము పడతాయి, వాపు పెరుగుతుంది అంటారు. నీళ్లు తాగడం వల్ల ఈ వాపు పెరగదు. తాగకపోతే మలబద్ధకం వస్తుంది, ముక్కినప్పుడు కుట్ల మీద భారం పడుతుంది, కదలకుండా పడుకున్న కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. మంచం కింద కుంపటి, పొట్ట మీద వేడి కాపడం కూడా ఆలోచించి చేయాల్సినవి. మొద్దుబారిన చర్మానికి వేడి తెలియదు, కాలాక గానీ తెలియదు.

పథ్యమంతా తప్పని కాదు. బాలింతకు నెలన్నర పాటు ప్రత్యేక సంరక్షణ కావాలని ఆయుర్వేదం చెప్పింది. ఆధునిక వైద్యం చెప్పే ఆరు వారాలూ దాదాపు అంతే. పురుడన్న పేరుతో పెట్టిన దూరంలో అంటు భావన ఉంది, దాన్ని సమర్థించలేం. అదే ఆచారం వంటింటి చాకిరీ నుంచి ఆమెకు సెలవు కూడా ఇచ్చింది. నగరంలో రెండు గదుల అద్దె ఇంట్లో, పుట్టింటి మనిషి నల్లగొండ నుంచో సూర్యాపేట నుంచో వచ్చి నాలుగు రోజులుండి బస్సెక్కితే, ఆ సెలవు పోయి అంటు ఒక్కటే మిగులుతోంది.

ఓర్చుకోమనడానికి గీతను అడ్డుపెట్టుకునేవాళ్లున్నారు. చలి, వేడి, సుఖం, దుఃఖం వచ్చిపోయేవని, సహించమని రెండో అధ్యాయం చెప్పిన మాట నిజమే. అది ఎవరికి వారు అలవరచుకునే సహనం. పక్క మనిషి బాధ మీద మనం వేసే తీర్పు కాదు. అదే గీత పదిహేడో అధ్యాయంలో, శాస్త్రం చెప్పని ఘోర తపస్సులతో ఒంటిని కృశింపజేసేవాళ్లు లోపలున్న తననే కృశింపజేస్తున్నారని కృష్ణుడు కటువుగా అంటాడు. కొత్తపేట అష్టలక్ష్మి గుడిలో సంతానలక్ష్మికి మొక్కి వచ్చినవాళ్లు ఇంటికొచ్చి బాలింత దాహాన్ని పథ్యమని అణచడం ఏ లెక్కన భక్తి అవుతుంది?

కాబట్టి ఈ పత్రిక చదువుతున్నవాళ్లు, ముఖ్యంగా అత్తలు, అమ్మలు, భర్తలు, బాలింతను చూడటానికి వెళ్లినప్పుడు నొప్పుల లెక్క అడగకండి. మంచం పక్కన చెంబెడు నీళ్లు పెట్టండి. పాదాలు చూడండి. రెండూ సమంగా వాచి, రోజురోజుకూ తగ్గుతుంటే భయం లేదు. ఒక్క కాలే వాచి పిక్క నొప్పిగా, ఎర్రగా ఉన్నా, ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా, ముఖం, చేతులు ఉబ్బి తీవ్రమైన తలనొప్పి, చూపు మసక ఉన్నా తెల్లారేదాకా ఆగవద్దు. కాన్పు తర్వాత ఆరు వారాల దాకా బీపీ ప్రమాదకరంగా పెరగవచ్చు. జ్వరం వచ్చినా, కుట్ల నుంచి చీము కారినా ఆ రోజే చూపించండి. దగ్గర బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.