పెద్దమనుషులు లేచిపోయాక

2004 అక్టోబరులో మేం ఫిల్మ్‌నగర్‌లో అద్దెకుండేవాళ్ళం. మా ఇంటికి కాస్త దూరంలోనే, జూబ్లీహిల్స్ రోడ్ నంబరు 25లో ఉన్న మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థలో, 15 నుంచి 18 దాకా నాలుగు రోజులపాటు ప్రభుత్వమూ నక్సలైట్లూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నారు. నల్లమల నుంచి వచ్చిన మనుషులు సినిమావాళ్ళ మేడల మధ్యనుంచి కార్లలో వెళ్తుంటే జనం వింతగా చూశారు. నేను మాత్రం ఆశగా చూశాను. అవి పేపర్లలో నార్వే పేరు తరచుగా కనిపించిన రోజులు. ఎక్కడో ఉత్తర ధ్రువం దగ్గరి దేశం వచ్చి 2002 ఫిబ్రవరి 22న శ్రీలంకలో కాల్పుల విరమణ ఒప్పందం కుదిర్చింది. మనకీ అలాంటి దూరపు పెద్దమనిషి ఎవరైనా ఉంటే ఎంత బావుండేదో అనుకునేదాన్ని.

మా ఇంట్లో వంట చేసే ఆమెది అచ్చంపేట వైపు, అడవి అంచునున్న ఊరు. ఫిల్మ్‌నగర్ బస్తీలో ఉండేది. టీవీ చూస్తూ "ఈసారి శాంతి వచ్చేట్టుంది" అన్నాను ఆమెతో. ఉల్లిపాయలు తరగడం ఆపకుండానే, "ఈ పెద్దమనుషులు లేచిపోయినంక మా ఊరికి ఎవలొస్తరమ్మా?" అంది.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకపోయింది. ఇరవయ్యేళ్ళు దాటినా అది నన్ను వదల్లేదు.

పెద్దమనుషులంటే ఎవరో మన ఆడవాళ్ళకి బాగా తెలుసు. మొగుడు కొడితే పుట్టింటికొచ్చిన పిల్లని కూర్చోబెట్టి పంచాయితీ చేసేవాళ్ళు. "ఇద్దరిదీ తప్పుంది, సర్దుకుపోవాల" అని తీర్పు చెప్పి, కాఫీ తాగి లేచి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ రాత్రి ఆ ఇంట్లో తలుపులు వేసుకున్నాక ఏం జరిగిందో ఎవరూ అడగరు. తటస్థంగా ఉన్నామనే తృప్తి వాళ్ళది. తటస్థత ఖరీదు ఎవరు చెల్లించారన్నది వాళ్ళ లెక్కలోకి రాదు.

దేశాల మధ్యవర్తిత్వాన్ని కూడా ఇదే కొలతతో ఎందుకు చూడకూడదు? దూరాన ఉన్నవాడికి భూమి మీద ఆశ లేదు, కులం లేదు, చుట్టరికం లేదు కాబట్టి న్యాయంగా ఉంటాడని మనం అనుకుంటాం. ఇందులో కొంత నిజముంది. నార్వే పిలవకపోతే ఆ ఇద్దరూ ఒక బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళు కాదేమో. అయితే దూరానికి ఇంకో గుణం కూడా ఉంది. అది ఎప్పుడైనా ఇంటికి వెళ్ళిపోగలదు. 2003 ఏప్రిల్లో ఎల్టీటీఈ చర్చల నుంచి తప్పుకుంది. 2008 జనవరిలో ప్రభుత్వం ఒప్పందాన్నే రద్దు చేసుకుంది. 2009 మే నాటికి యుద్ధం ముగిసింది. ఆఖరి నెలల్లో చనిపోయిన సామాన్య జనం నలభై వేలదాకా ఉండవచ్చన్న అంచనాని కొట్టిపారేయలేమని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2011లో చెప్పింది. వన్నిలో ఉన్న తల్లికి వెళ్ళిపోవడానికి ఓస్లో లేదు.

మరి దగ్గరివాళ్ళయితే? జూబ్లీహిల్స్‌లో మధ్యవర్తులుగా కూర్చున్నవాళ్ళు ఏ దేశం తరఫునా రాలేదు. 1997 నుంచి పనిచేస్తున్న పౌర స్పందన వేదికకి ఎస్.ఆర్. శంకరన్ పెద్ద. ఐఏఎస్ అధికారిగా రాజ్యానికి లోపలి మనిషి. 1987లో తూర్పు గోదావరి గుర్తేడు దగ్గర నక్సలైట్లు అపహరించిన అధికారుల్లో ఆయనా ఒకరు. రెండు పక్కలూ ఆయన్ని తాకాయి, ఆయన రెండు పక్కల వాళ్ళనీ చావులెందుకని అడిగారు. ఆయనకి అర్హత తెచ్చింది దూరం కాదు, ఆ దగ్గరితనమే.

అయినా ఆ చర్చలూ నిలబడలేదు. 2005 జనవరిలో మావోయిస్టులు తప్పుకున్నారు. అక్టోబరులో ఆ బల్ల దగ్గర కూర్చున్న జనశక్తి ప్రతినిధి రియాజ్ జులై 1న చనిపోయాడు. పోలీసులు ఎన్‌కౌంటర్ అన్నారు, హక్కుల సంఘాలు హత్య అన్నాయి. ఆగస్టు 15న నారాయణపేటలో ఎమ్మెల్యే నర్సిరెడ్డిని మావోయిస్టులు చంపారు. రెండ్రోజులకి నిషేధం తిరిగొచ్చింది.

ఇప్పుడు ఆ బల్లని మరోసారి చూద్దాం. అడవి నుంచి వచ్చిన అయిదుగురు ప్రతినిధుల్లో ఒక్క స్త్రీ లేదు. దళాల్లో మాత్రం స్త్రీలు ఎందరో! ప్రభుత్వ బృందానికి నాయకుడు హోంమంత్రి జానారెడ్డి. మధ్యవర్తుల్లో మనం చెప్పుకునే పేర్లు శంకరన్, కన్నబిరాన్, హరగోపాల్, పొత్తూరి. వాళ్ళ మీద నాకు గౌరవం తగ్గలేదు. కానీ ఇదే ఫిల్మ్‌నగర్ పరిశ్రమ 1997లో 'ఒసేయ్ రాములమ్మా' తీసి స్త్రీ చేతికి తుపాకీ ఇచ్చి చప్పట్లు కొట్టించుకుంది. తుపాకీ ఇవ్వడం సులువే, కుర్చీ ఇవ్వడమే కష్టం.

శ్రీలంకలో కుర్చీ ఇచ్చారు, పక్కగదిలో. స్త్రీల సమస్యల మీద ఉపసంఘం వేసి, రెండు వైపుల నుంచీ అయిదుగురేసి స్త్రీలని కూర్చోబెట్టారు. సమన్వయానికి నార్వే నుంచి ఆస్ట్రిడ్ హైబర్గ్ వచ్చారు. 2003 మార్చిలో కిలినొచ్చిలో కలిశారు. నెల తిరగ్గానే పెద్దగదిలో మాటలు ఆగిపోయాయి, పక్కగదిలో దీపమూ ఆరిపోయింది. ఆ స్త్రీల మాటకి సొంత బతుకు ఇవ్వనప్పుడు, కుర్చీ వేసింది దూరపు దేశమైనా సొంత ఊరైనా తేడా ఏముంది?

ఒక తేడా మాత్రం నేను ఒప్పుకోవాలి. తన ప్రయత్నం ఎందుకు విఫలమైందో నార్వే స్వతంత్ర పరిశోధకుల చేత విచారణ చేయించి, 2011లో అచ్చువేసి లోకం ముందు పెట్టింది. 'శాంతి పావులు' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు దానికి. పోయిన ప్రాణాలు దానివల్ల తిరిగి రావు. కానీ ఓడిపోయిన పెద్దమనిషి లేచిపోకుండా లెక్క చెప్పడం నేను ఎక్కువగా చూడలేదు. మన ప్రభుత్వం 2004 గురించి అలాంటి లెక్క చెప్పలేదు. మన దగ్గర లెక్క రాసుకున్నది ఆడవాళ్ళే. 2002లో ఏర్పడిన అమరుల బంధుమిత్రుల సంఘంలోని తల్లులూ భార్యలూ శవాలు వెతికి ఇళ్ళకి చేర్చారు. మందుపాతరల్లో పోయిన కానిస్టేబుళ్ళ భార్యలు ఇంకెక్కడో విడిగా ఏడ్చారు. ఈ ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టాలని ఏ పెద్దమనిషికీ తోచలేదు.

2025లో మళ్ళీ చర్చల మాట వినిపించింది. హైదరాబాదులో సభలు జరిగాయి. ఆయుధాలు వదిలితేగాని మాటల్లేవని కేంద్రం అంది. మే 21న మావోయిస్టు ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావుని బలగాలు కాల్చి చంపాయి. ఈసారి పెద్దమనుషులకి కూర్చునే చోటే దొరకలేదు.

ఇదంతా ఇతరుల మీద తీర్పుగా రాస్తే నేను అబద్ధం ఆడినట్టే. 2005 సంక్రాంతికి ఆమె ఊరెళ్ళింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మావోయిస్టులు చర్చలు ముగిశాయని ప్రకటించారు. వారమన్నది రెండు వారాలకి వచ్చింది. చెయ్యి కడుక్కుని మౌనంగా పొయ్యి దగ్గర నిలబడింది. అక్టోబరులో శాంతి గురించి అంత ఉత్సాహంగా మాట్లాడినదాన్ని, ఆ పూట కాలేజీకి ఆలస్యమవుతోందని టిఫిన్ డబ్బా అందుకున్నాను. మీ ఊరికి ఎవరొచ్చారని అడగలేదు. తర్వాతా అడగలేదు. కొన్నాళ్ళకి మేం ఇల్లు మారాం.

దూరం కొలవడానికి ఓస్లో దాకా వెళ్ళనక్కర్లేదు. మా వంటింటికీ ముందుగదికీ మధ్య కూడా అంత దూరముంది. శాంతి కోరేవాళ్ళు ఎక్కడినుంచి వచ్చారన్నది నాకిప్పుడు పెద్ద ప్రశ్న కాదు. బల్ల తీసేశాక మర్నాడు పొద్దున వచ్చి, "నిన్న రాత్రి మీ ఇంటికెవరొచ్చారు?" అని అడిగేదెవరన్నదే ప్రశ్న. నేను అడగలేదు.