కూలి తల్లిది, మూల్యం ఎవరిది?

ఫలం మీద ఆశ పెట్టుకోకుండా పని చేయమని గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడికి చేసిన బోధ మన ఇళ్లలో దాదాపు సామెత అయిపోయింది. రాజ్యం కోసం యుద్ధభూమిలో నిలబడిన క్షత్రియుడికి ఆ బోధ సరిపోయింది. మండుటెండలో చెరువు పూడిక తీసే తల్లి దగ్గరకు వచ్చేసరికి మాత్రం చిక్కొస్తుంది. తన సుఖం వరకు ఆమె వదులుకోగలదు, రోజూ వదులుకుంటూనే ఉంటుంది కూడా. కానీ ఆ కూలి ఆమె ఒక్కతెది కాదు. అందులో బిడ్డ బువ్వ ఉంది, బడి ఉంది, జ్వరమొస్తే మందు ఉంది. తన ఫలాన్ని తాను త్యాగం చేయడం వైరాగ్యం కావచ్చు. బిడ్డ వాటాను త్యాగం చేయమనడం ఏ ధర్మమూ కాదు. పేదలకు పని చూపించే పథకాలను ధర్మం తూకంలో వేయాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఎన్ని రోజులు పని ఇచ్చారు, ఎంత కూలి వేశారు అనేవి అవసరమైన లెక్కలే. అసలు పరీక్ష మాత్రం, ఆ పని జరిగిన గంటల్లో ఆ ఇంటి పిల్లలు ఏమయ్యారన్నది.

ఈ విచారణకు మన దగ్గరే పెద్ద ఉదాహరణ ఉంది. 2005లో పార్లమెంటు చేసిన ఉపాధి హామీ చట్టం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో అమల్లోకి వచ్చింది. ప్రతి గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని, అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే భృతి, పని పొందేవారిలో కనీసం మూడో వంతు ఆడవాళ్లు ఉండాలన్న నియమం దాని మూలస్తంభాలు. దీన్ని దయాధర్మంగా చూసేవారు ఇప్పటికీ ఉన్నారు. దానమైతే ఇచ్చేవాడి మనసు మీద ఆధారపడుతుంది, పుచ్చుకున్నవాడు తల వంచాలి. ఇక్కడ కూలి మనిషి తవ్విన మట్టికి కొలత వేసి మరీ డబ్బు కడుతున్నారు. పని హక్కు కోసం ప్రభుత్వం తన శక్తి మేరకు పాటుపడాలని రాజ్యాంగం 41వ అధికరణ చెప్పింది. కనీస వేతనానికి తక్కువ ఇచ్చి చేయించుకునే పని వెట్టిచాకిరీతో సమానమని 1982లో ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందువల్ల ఇది సమాజం తీర్చుకోవలసిన బాధ్యత. పాత చట్టం స్థానంలో 125 రోజుల హామీతో 2025 డిసెంబరులో కొత్త చట్టం వచ్చినా ఆ బాధ్యత స్వభావం మారదు.

మరి పిల్లలకు మేలు జరిగిందా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి సుమారు 3,000 మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన యంగ్ లైవ్స్ అధ్యయనం ఉంది. ఆ సమాచారాన్ని పరిశీలించిన ఫర్జానా ఆఫ్రిది, అభిరూప్ ముఖోపాధ్యాయ్, సోహమ్ సాహూ అనే ఆర్థికవేత్తలు, తల్లులు ఉపాధి పనికి వెళ్లిన ఇళ్లలో పిల్లలు బడిలో గడిపే సమయం పెరిగిందనీ, చదువులో ముందుకు సాగారనీ తేల్చారు. ఇందులో ఆశ్చర్యం లేదు. తల్లి చేతికొచ్చిన రూపాయి పిల్లల కంచానికీ పలకకీ త్వరగా చేరుతుంది. సంపాదించే తల్లి మాటకు ఇంట్లో బరువూ పెరుగుతుంది. ఇక్కడితో ఆగిపోతే వాదం తేలిగ్గా ముగిసేది. కానీ దేశవ్యాప్త సమాచారంతో మనీషా షా, బ్రైస్ స్టైన్‌బర్గ్ చేసిన అధ్యయనం వేరే సంగతి చూపింది. పథకం వచ్చిన చోట 13 ఏళ్లు దాటిన పిల్లల్లో కొందరు బడికి దూరమయ్యారు. మగపిల్లలు కూలికి మళ్లారు. ఆడపిల్లలు తల్లి వదిలి వెళ్లిన ఇంటిపనిని నెత్తికెత్తుకున్నారు.

ఈ రెండు ఫలితాలూ పరస్పరం కొట్టేసుకోవు. తల్లి కూలితో చిన్నవాడు బడికి వెళ్లడం, అదే ఇంట్లో చంటిపిల్లను చంకనేసుకుని పెద్దమ్మాయి బడి మానేయడం ఒకే కాలంలో జరగగలవు. తల్లి పనికి కదిలినంత మాత్రాన వంట, నీళ్లు, పసిబిడ్డ సంరక్షణ మాయమైపోవు. ఎవరో ఒకరు చేయాలి. ప్రభుత్వం ఆ భారాన్ని లెక్కలోకి తీసుకోకపోతే అది ఇంట్లో నోరులేని మనిషి మీద పడుతుంది. అంటే తల్లికి ఇచ్చిన కూలిలో కొంత భాగాన్ని కూతురి చదువు నుంచి వసూలు చేసినట్టే. మస్టరు రోల్‌లో ఆ అమ్మాయి పేరుండదు, కూలి రాదు. ఒకరి హక్కును మరొకరి బాల్యంతో చెల్లించడాన్ని న్యాయమనలేం.

2005 చట్టం రాసినవారికి ఇది తెలియక కాదు. పని స్థలంలో ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురో అంతకు మించో ఉంటే, వారిని చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని అందులోనే రాశారు. నీడ, తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె సరసన ఇదొక వసతిగా మిగిలిపోవడమే విషాదం. అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. అంగన్‌వాడీ బడి మూడేళ్లు నిండిన పిల్లల కోసం. ఏడాది బిడ్డను రోజంతా చూసుకునే ఏర్పాటు అక్కడ సాధారణంగా ఉండదు. వేసవిలో ఎండ ముదరకముందే పని ముగించాలని తెల్లారుతూనే పలుగు పట్టే తల్లికి దాని వేళలు కూడా కుదరవు. తవ్వే చేతికి కూలి ఇచ్చి, ఆ చేతిని ఖాళీ చేసిన పెంపకానికి విలువ కట్టకపోవడం సగం న్యాయమే.

ఉపాధి హామీ మీద అభ్యంతరాలు లేకపోలేదు. రైతులకు కూలీలు దొరకడం లేదు, కూలి రేట్లు పెరిగిపోయాయన్న ఫిర్యాదులో నిజముంది. చిన్న రైతు కష్టాన్ని కొట్టిపారేయలేం. అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఎనిమిది జిల్లాల్లో స్మార్ట్‌కార్డులతో ఉపాధి కూలి చెల్లింపులు మెరుగుపడినప్పుడు పేద కుటుంబాల ఆదాయం పదో వంతుకు పైగా పెరిగిందనీ, అందులో ఎక్కువ భాగం బయటి పనుల నుంచే వచ్చిందనీ మురళీధరన్, నీహాస్, సుఖ్తాంకర్ పరిశోధన చూపింది. చిన్న రైతుకు ఊరట గిట్టుబాటు ధరలో వెతకాలి, కూలివాళ్ల పిల్లల ఆకలిలో కాదు. పని షరతు ఎందుకు, నగదే ఇవ్వొచ్చుగా అన్నది ఇంకో ప్రశ్న. ఒళ్లు వంచగలిగినవాడికి ఊరికే అన్నం పెట్టడాన్ని గాంధీ ఒప్పుకోలేదు. పని మనిషికి గౌరవమిస్తుందన్న ఆ నమ్మకాన్ని నేనూ గౌరవిస్తాను. కానీ నిండు గర్భిణికీ పచ్చి బాలింతకూ పలుగు చూపించడం గౌరవం కాదు. వారికి షరతు లేని సాయమే న్యాయం. ఇక మూడోది, పైకి ఎవరూ అనకపోయినా లోలోపల చాలామంది నమ్మేది: పేదింట్లో పుట్టడం పూర్వజన్మ కర్మ అని. కర్మ సిద్ధాంతాన్ని నమ్మినా, అది బిడ్డ కష్టానికి కారణం చెప్పగలదే గానీ, చూస్తూ ఊరుకున్నవాడికి మినహాయింపు ఇవ్వలేదు. చేయగలిగి చేయకపోవడం కూడా అతని ఖాతాలో పడే కర్మే.

కాబట్టి 100 రోజులా, 125 రోజులా అన్న చర్చతో ప్రభుత్వాలను వదిలిపెట్టకూడదు. సామాజిక తనిఖీ జరిగే గ్రామసభల్లో కొలతలు, చెల్లింపుల గురించి అడుగుతున్నట్టే, పసిపిల్లలను ఎవరు చూసుకున్నారు, పని రోజుల్లో ఏ ఇంటి ఆడపిల్ల బడి మానింది అని కూడా అడగాలి. ఆ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పలేని పథకం ఎన్ని కోట్లు ఖర్చు పెట్టినా పేదింటికి బాకీ ఉన్నట్టే.