ఠాణామెట్లు

భయపెట్టి యడఁచినచో ప్రజ లూరకుందురు; నమ్మరు. ఉత్తర ఐర్లండులో 30 ఏండ్ల అంతఃకలహము 1998 నాఁటి ఒడంబడికతోఁ జల్లారునప్పటికి, పోలీసులలో కాథలిక్కులు నూటికి 8 మంది వఱకే. జనములోనో 40కి మించి యుండిరి. ఊరివారితోఁ గలసి పనిచేయుటయే పోలీసుల ప్రధానధర్మమని 1999లో పాటన్ సంఘము తెలిపెను. 2001 నుండి క్రొత్త యుద్యోగములలో సగము కాథలిక్కుల కిచ్చిరి.

అర్హుఁడైన ప్రొటెస్టంటు యువకుని మతము కారణముగాఁ ద్రోసిపుచ్చుట న్యాయమా? కాదనియే మే మందుము. అయినను, తనవా రొక్కరును లేని ఠాణామెట్లెక్క జంకు గృహిణి, ఇంట దొంగలు పడిన నెవరితో మొరపెట్టుకొనును? ఆ పెద్ద యన్యాయమునకు ఈ చిన్న యన్యాయమును మందుగా సేవింపవలసి వచ్చెను. పోలీసులలో కాథలిక్కులు నూటికి 30 మందికిఁ జేరువ కాఁగా, 2011లో ఆ నియమము నెత్తివేసిరి. మందునకు గడువుండవలెను; లేనిచో నదియే రోగమగును.